మలుపు దగ్గర పోయే ఫ్యూజు

విడాకుల వాయిదాకు ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్దామనుకున్నారు. కోర్టు ఊరికి ఆ చివర ఉంది, బస్సులు మారి వెళ్లాలి. ఆ రోజు సంతకాలు పెట్టేస్తే పని అయిపోతుంది. కొన్నాళ్లుగా అక్కగారింట్లో ఉంటున్న భార్య పొద్దున్నే వచ్చి, లోపలికి రాకుండా స్కూటర్ పక్కనే నిలబడింది. ఆమె నర్సు. అతను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. వాళ్ల మధ్య పెద్ద గొడవలేవీ జరగలేదు. మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి చివరికి "తలుపేసుకోండి" అన్నదొక్కటే మిగిలింది. ఒకరోజు ఆమె అదీ అనకుండానే వెళ్లిపోయింది.

తాళం తిప్పితే స్కూటర్‌లో ఉలుకూ పలుకూ లేదు. అతను సీటు ఎత్తి ఫ్యూజు పీకి వెలుతురుకు పట్టి చూశాడు. లోపలి తీగ తెగి నల్లబడింది. ఫ్యూజుల పెట్టె మూతలో ఉన్న మరోటి వేస్తే బండి బతికింది, వీధి చివర మలుపు తిరగ్గానే మళ్లీ చచ్చింది. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు, ఆమె వెనకనుంచి తోసింది. విడిభాగాల కొట్టు దాకా అలాగే వెళ్లి గుప్పెడు ఫ్యూజులు కొన్నారు. తిన్నగా వెళ్లినంతసేపూ బండి బుద్ధిగానే ఉండేది. మలుపు వచ్చిందంటే ఒక ఫ్యూజు పోయేది.

వెళ్లడం ఇష్టంలేక ఇతనే ఏదో చేసి ఉంటాడని ఆమెకు అనుమానం వచ్చింది. తనకంటే ముందు బండి పక్కన నిలబడింది ఈమే కదా అని అతనికి తోచింది. ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు గానీ, లోపల ఎవరికీ కోపం రాలేదు.

ఈలోగా, చెమటలు కారుతూ కలిసి బండి తోస్తున్న వీళ్లను పాత పొరుగింటావిడ చూసింది. మొగుడూ పెళ్లాలు కలిసిపోయారని భార్య తల్లికి ఫోన్ చేసింది. ఆ తల్లి ఏడుస్తూ నవ్వుతూ పెద్దల్లుడికి చెప్పింది. ఆయన లాయరుకు చెప్పాడు. లాయరు భార్యకు ఫోన్ చేసి అభినందించి, కేసు వెనక్కి తీసుకుందామా అని అడిగాడు. కాసేపట్లో చెప్తానని ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్పటికి అతను స్క్రూడ్రైవర్ అరువు తెచ్చి హ్యాండిల్ మీది మూత విప్పుతున్నాడు.

"నిజం చెప్పండి. బండిని మీరే పాడుచేశారు కదా?" అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అవుననమని అడుగుతున్నట్టుంది. కానీ తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించడం తప్ప అతనికి ఇంకేమీ చేతకాదు.

"నేను కాదు. తిప్పినప్పుడల్లా ఇక్కడ రాసుకుని వైరు అరిగిపోయింది. చూడు."

ఆమె వంగి చూసింది. పైపొర ఊడి లోపలి రాగి బయటపడింది.

"నువ్వేమో అనుకున్నాను" అన్నాడు అతను, నేలకేసి చూస్తూ.

"నేనూ కాదండి."

ఆమె సంచీలోంచి గాయాలకు వేసే ప్లాస్టర్ తీసి, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా ఆ వైరుకు చుట్టింది. తర్వాత లాయరుకు ఫోన్ చేసి, కోర్టుకు బయల్దేరామని చెప్పింది.

కోర్టు దాకా ఇంకా చాలా మలుపులు ఉన్నాయి. స్కూటర్ ఒక్కచోట కూడా ఆగలేదు.