మేవిస్ హాకెట్ మాతృభాషా పరీక్ష

ధ్రువపత్రం లేని మాతృభాష వట్టి చప్పుడు మాత్రమేనని తూర్పు లండన్‌లోని ఒకానొక కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. వెంటనే వారసత్వ వాగ్విభాగం వెలిసింది. దానికొక డైరెక్టరు, ఆయన కారు నిలుపుకోవడానికొక స్థలం. సంతవీధిలో కొట్టు పెట్టుకునే మంచి మూలలన్నీ ఇకపై ఆ పేట సామాన్యుల యాస కాక్నీని అసలు సిసలుగా మాట్లాడేవారికే. (ఒక పాత చర్చి గంటలు వినబడేంత దూరంలో పుట్టినవాడే అసలు కాక్నీ అని నానుడి కనుక, పుట్టిన వేళ ఆ గంటలు వినబడ్డాయని రుజువు కావాలి. ఆ రోజు గాలి ఎటు వీచిందో వాతావరణ శాఖతో రాయించుకురావాలి.)

మేవిస్ హాకెట్ బెంగపడలేదు. నాయనమ్మ నిలబడిన మూలలోనే తానూ నిలబడి, జెల్లీలో వేసిన మలుగుచేపలు అమ్ముతోంది. ఆ మూల పోతే ఆమెకు వేరే బతుకు లేదు. ఇక భాషంటారా, మెట్లను స్టెయిర్స్ అనడం ఆ వీధిలో నామోషీ. స్టెయిర్స్‌కు ప్రాసగా 'యాపిల్స్ అండ్ పేర్స్' అని రెండు పళ్లు తెచ్చుకుని, ప్రాస కుదిరిన పండును పారేసి, కుదరని పండును నోట్లో ఉంచుకుంటారు. బయటివాడికి అర్థం కాకూడదు, ముఖ్యంగా కౌన్సిల్ వాడికి.

పరీక్ష రోజు పొద్దున కూడా పక్క కొట్టు కూరగాయల లెనీతో మొదలుపెట్టింది.

"యాపిల్స్ దిగలేక చచ్చాననుకో లెనీ! నా ప్లేట్స్ చూడు, బన్నుల్లా ఉబ్బాయి." (ప్లేట్స్ అంటే పాదాలు. ఎందుకని మాత్రం అడక్కండి.)

"ఆ వచ్చేవాడికి ఇదే వినిపించు ముసలీ! మూల ఎక్కడికీ పోదు."

"ముసలెవరురా, నీ మొహం మండా!"

అంతలో పరీక్షాధికారి ఫార్నబీ గారు వచ్చారు, మెడలో గుర్తింపు కార్డుతో. కొంప మునిగింది అక్కడే.

పోలీసు, డాక్టరు, కౌన్సిల్ మనిషి ఎదురైతే మన మాటను బల్ల కింద దాచి, చర్చికి వెళ్లేటప్పటి ఆదివారం మర్యాద మాట బయటికి తియ్యాలని మేవిస్‌కు తల్లి చెంపదెబ్బలతో నేర్పింది. ఆ వీధిలో అందరి తల్లులూ అంతే. కార్డు కనబడగానే మేవిస్ నడుము దానంతటదే నిటారైంది.

"ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి," అన్నారు ఫార్నబీ.

"శుభోదయం అండీ. తమరి రాక మాకెంతో సంతోషదాయకం. దయచేసి ఆసీనులు కండి."

"మెట్లను మీరేమంటారు?"

"సోపానములు అని అందుమండీ."

"ఒసేయ్ మేవిస్!" క్యాబేజీల వెనక నుంచి లెనీ గొంతు చించుకున్నాడు. "వాణ్ణి తిట్టవే! ఒక్క తిట్టు చాలు!"

"లియొనార్డ్ గారూ, దయయుంచి నిశ్శబ్దము పాటింపుడు."

ఫార్నబీ సున్నా వేసి వెనుదిరిగారు. ఆయన వీపు కనబడగానే మేవిస్ నోటి వెంట తూర్పు లండన్ మొత్తం వరదలా వచ్చింది. ఆయన ఆగి, శ్రద్ధగా విని, అద్భుతం అన్నారు కూడా. కానీ పరీక్షకుడి వీపును ఉద్దేశించి పలికిన మాటలు నిబంధనల ప్రకారం లెక్కలోకి రావు.

మూల టోబీకి దక్కింది. టోబీ ఎక్కడో పచ్చిక పొలాల పెద్దింటి బిడ్డ, కాక్నీని ఫోన్‌లోని యాప్‌తో నేర్చినవాడు. యాపిల్స్, ప్లేట్స్ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, అడక్కుండానే అర్థాలూ విప్పాడు. (పుట్టు కాక్నీలకు చేతకానిది అదొక్కటే.) చర్చి గంటలకు బదులు వాటి రికార్డింగు సమర్పించాడు.

మేవిస్ ఖాళీ చేపల తొట్టిని బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చింది. "మా అమ్మ నాకు మర్యాద నేర్పి నా కొంప తీసిందిరా లెనీ," అంది.

కౌన్సిల్ న్యాయబుద్ధి గలది కనుక అప్పీలుకు వీలుంది. అయితే వాదన ప్రామాణిక ఇంగ్లీషులోనే ఉండాలి. మేవిస్ కార్డులవాళ్ల ముందు నిలబడి, ఒక్క తప్పు దొర్లకుండా, వినేవాళ్లకు కన్నీళ్లొచ్చేలా వాదించింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆపై ఆ వాదననే ఆమెకు వ్యతిరేకంగా తిరుగులేని సాక్ష్యంగా చేర్చుకున్నారు.

మళ్లీ పరీక్షకు నిలబడాలంటే కౌన్సిల్ నడిపే కాక్నీ తరగతిలో చేరాలి. మేవిస్ చేరింది. మొదటి రోజు పంతులు టోబీ, మెడలో కొత్త కార్డుతో, లోపలికొచ్చాడు.

మేవిస్ లేచి నిలబడి, "శుభోదయం అండీ," అంది.