నీలంగా మెరిసిన మామయ్య

ఆ ఉదయం పళ్ల డాక్టరమ్మ వేసుకున్న లెక్కకు తిరుగులేదు. మేనమామ దవడ పన్ను నెలగా సలుపుతోంది, ఆమె పరిశోధనకేమో ఒక రోగి కావాలి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి చుట్టూ రబ్బరు తెర బిగిస్తే నోట్లోని క్రిములు బయటికి చిమ్మవని ఆమె వాదం. అది రుజువు చేయడానికి డ్రిల్లులో పోసే నీళ్లలో హాని చేయని మందొకటి కలిపింది. చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటుంది గానీ ఊదా దీపం వేస్తే నీలంగా మెరుస్తుంది. తుంపర ఎక్కడ పడిందో ఇట్టే తెలిసిపోతుంది. చూడడానికి పెద్ద ప్రొఫెసరుగారే స్వయంగా వస్తున్నారు. ఆయన తల ఊపితే పరిశోధన సాగుతుంది, పెదవి విరిస్తే అటకెక్కుతుంది.

"మామయ్యా, నువ్వు నోరు తెరవడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు," అంది కారు దిగుతూ.

"అదెంత పనే! పుట్టినప్పట్నుంచీ తెరిచే ఉంచాను," అన్నాడాయన. మాటలో ధీమా ఉంది గానీ కారు తలుపు మాత్రం వదల్లేదు.

ఆయన్ను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, మందునీళ్ల సీసా ఉన్న సంచి ఒళ్లో పెట్టి, ఆమె గది సర్దడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మామయ్య అందరికీ ఆప్తుడైపోయాడు. మీసం అరచేత్తో తుడుచుకుని ఏడుస్తున్న పసిదాని బుగ్గ నిమిరాడు. వేలు నాలుక్కి అద్దుకుంటూ పత్రిక పేజీలు తిప్పాడు. అప్పుడే వచ్చిన ప్రొఫెసరుగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేసి, కోటు భుజం మీది దుమ్ము కూడా దులిపాడు.

కుర్చీలో పడుకోబెట్టి, సూది మందిచ్చి, తెర బిగించి, ఆమె సీసా తెరిచి నీళ్లు పోసింది. మామయ్య కళ్లు గుండ్రంగా తిరిగాయి.

"ఈళ్లు... ఆఏహా..."

"నీళ్లు తర్వాత తాగుదువుగాని. ఓర్చుకో."

"ఆఏహా!"

"నొప్పా? ఇంకో సూది పొడవనా?"

నోరు మూసే వీల్లేక మామయ్య కళ్లు మూసుకున్నాడు.

పని పూర్తయ్యాక గది చీకటి చేసి ఊదా దీపం వేయించింది. కుర్చీ మీద చుక్క లేదు. నేల మీద చుక్క లేదు. ఆఖరికి తెర మీద కూడా లేదు. ఇదేమిటి చెప్మా అనుకునేలోగా నర్సు కెవ్వుమంది.

"అమ్మో! సారు బుర్ర!"

ప్రొఫెసరుగారి బట్టతల మీద, ఆయన గోక్కున్న చోట, నాలుగు నీలి గీతలు. భుజం మీద అయిదు వేళ్ల అచ్చు. మామయ్య మీసమైతే దుకాణం బోర్డులా వెలుగుతోంది. దీపం పట్టుకుని వరండాలోకి పరుగెత్తి కిటికీ తెరలు దించితే తలుపు పిడి, పత్రిక, పసిదాని బుగ్గ, ఆ బుగ్గను ముద్దాడిన తల్లి పెదాలు, అన్నీ మిలమిల.

"బాగుందమ్మా నీ తెర! వీధి దాకా చిమ్మినట్టుంది," అన్నారు ప్రొఫెసరుగారు.

డాక్టరమ్మ తొణకలేదు. "చిమ్మితే ముందు నా మీద పడాలి సార్. నేను మెరవడం లేదే! మెరిసేవన్నీ మామయ్య ముట్టుకున్నవే."

అందరూ అటు తిరిగారు. మామయ్య వంకరపోయిన మూతితో తల దించుకున్నాడు. "దడకి గొంతు ఎండిపోయిందే అమ్మలూ. సీసాడు నీళ్లూ తాగేశా. నువ్వు తిడతావని కొళాయి నీళ్లు నింపి పెట్టా."

ప్రొఫెసరుగారు తన అరచేతిని దీపం కింద తిప్పి తిప్పి చూసుకున్నారు. కాసేపటికి ఆయన పొట్ట కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. "ఇన్నేళ్లూ రోగి కుర్చీ ఎక్కాక ఏం చిమ్ముతాడా అనే చూశాం. ఎక్కకముందే ఇంత పంచిపెడతాడని మనకు తట్టనే లేదు. ముందు ఈ వరండా మీద పరిశోధన చెయ్యమ్మా."

"తెర మీదా చేస్తాను సార్. రెండూ చేస్తాను," అందామె. అప్పటికే ఆమె కళ్లు ఏ కుర్చీతో మొదలుపెట్టాలా అని వెతుకుతున్నాయి.

ఏడాదికి ఆ పరిశోధన అచ్చయింది. మామయ్య కళ్లజోడు తుడుచుకుని తన పేరు కోసం మొదటినుంచి చివరిదాకా గాలించాడు. పేరు లేదు గానీ, 'సంక్రమణకు ప్రధాన మూలం' అని మాత్రం ఉంది.