పదకొండు గంటల చక్కెర

ఇకపై ఉద్యోగుల ఆరోగ్యం కంపెనీయే చూసుకుంటుందని కుళాయిల కంపెనీ మేనేజరుగారు ప్రకటించారు. ఉద్యోగులకు ఆరోగ్యం కూడా ఉంటుందని కంపెనీ గుర్తించడం అదే మొదటిసారి కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే తలా ఒక బిళ్ల జబ్బకు అతికించారు. ఒంట్లో చక్కెర హద్దు దాటితే ఆ బిళ్ల పసిగడుతుంది. వెంటనే ఉద్యోగి ఫోను, మేనేజరుగారి ఫోను, ఇంట్లో భార్యదో భర్తదో ఫోను ఒకేసారి కుయ్యిమంటాయి. చక్కెర అదుపులో ఉన్నవారికే ప్రమోషన్ అని కూడా సెలవిచ్చారు.

స్టోరు గుమాస్తాకు ఇది వరంలా తోచింది. షుగరు వచ్చిన నాటినుంచి ఆయన తీపి ముఖం చూసి ఎరగడు. భార్య పెట్టే చప్పిడి తిండి కిక్కురుమనకుండా తింటున్నాడు. ఖాళీగా ఉన్న స్టోరు ఇన్‌చార్జి కుర్చీ ఇక తనదేనని మురిసిపోయాడు.

ఆ మురిపెం మర్నాడు పదకొండింటిదాకా నిలిచింది. పదకొండింటికి మేనేజరుగారి రోజువారీ మీటింగు. ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టి, వాళ్లెంత పనికిమాలినవాళ్లో వాళ్లకే విడమరిచి చెప్పడం అందులో ముఖ్యాంశం. గుమాస్తా వంతు నడుస్తుండగానే ఆయన ఫోను కుయ్యిమంది. పక్కవాడి ఫోను అందుకుంది. కాసేపటికి గదంతా కోడిపిల్లల గంపలా తయారైంది.

"నా ఎదురుగా కూర్చునే స్వీట్లు తింటారా?" అని మేనేజరుగారు మండిపడ్డారు.

సొరుగులు, టిఫిన్ డబ్బాలు, హ్యాండుబ్యాగులు సోదా చేశారు. దగ్గుమందు దొరికినావిడకు మెమో ఇచ్చారు. చక్కెర వల్ల కలిగే అనర్థాలు వివరించడానికి మీటింగును ఇంకో గంట పొడిగించారు. ఫోన్లు ఇంకో గంట అరిచాయి. ఇక రోజూ అదే తంతు.

ఇంట్లో సంగతి వేరే చెప్పాలా?

"రోజూ పదకొండింటికే ఏమిటండీ ఆ మేత? ఎవరు పెడుతున్నారు మీకు?"

"ఒట్టు! మంచినీళ్లు కూడా ముట్టలేదే."

"అయితే బిళ్ల అబద్ధమాడుతోందా?" అని ఆవిడ గొంతు పెంచగానే ఫోను కుయ్యిమంది. "ఇప్పుడేం కుక్కుకున్నారు? నోరు తెరవండి!"

తెరిచాడు. లోపల నాలుక తప్ప ఏమీ లేదు, అదీ ఆయనకు ఏనాడూ అక్కరకు రాలేదు. కట్టుకున్నదే నమ్మకపోతే ఇన్నేళ్లు నోరు కట్టుకుని ఏం లాభమని కుమిలిపోయాడు.

ఇంతలో అరిచి అరిచి గొంతు వాచి, మేనేజరుగారు వారం రోజులు సెలవు పెట్టారు. ఆ వారమంతా ఒక్క ఫోనూ మూలగలేదు. ఎందుకో ఆఫీసులో అందరికీ అర్థమైంది. అర్థమైంది చెప్పడం ఎవరి విధుల్లోనూ లేదు కనుక ఎవరూ చెప్పలేదు.

"చక్కెర దిగిందట! కారణం ఏమిటో ధైర్యంగా చెప్పండి," అన్నారు తిరిగొచ్చిన మేనేజరుగారు.

గుమాస్తా లేచాడు. నిజం గొంతుదాకా వచ్చింది. కుర్చీ కళ్లముందు మెదిలింది. జేబులో ఫోను కుయ్యిమంటుండగానే, "అంతా తమరి బోధ చలవేనండి. తమరు లేకపోయినా తమరి మాటలు మాలో పనిచేశాయి," అన్నాడు.

కుర్చీ దక్కింది, పదకొండింటి మీటింగులో నిలబడే బాధా తప్పింది. కొత్త ఇన్‌చార్జిగారు మర్నాడే స్టోరువాళ్లను వరసగా నిలబెట్టి తొలి మీటింగు పెట్టారు. గొంతు పెంచగానే ఒక ఫోను కుయ్యిమంది, వెనకే ఇంకొకటి. ఆయనది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. సొరుగులు తెరవమన్నారు.

సాయంత్రం భార్య ఎదురొచ్చింది. "ఇవాళ ఒక్కసారి కూడా మోగలేదు! మొత్తానికి తినడం మానేశారన్నమాట."

"మానేశాను. మనసుంటే ఎంతసేపు?" అన్నారు ఇన్‌చార్జిగారు. "మా స్టోరువాళ్లకే ఆ బుద్ధి లేదు."