జెండా ఊపే సమయం

తుఫాను వెళ్ళిందంటే చాలు, మా గుడివాడ నుంచి దివిసీమకు వ్యాన్లు బారులు తీరతాయి. అన్నిట్లోనూ పులిహోరే. "అన్నం మేమూ వండుకోగలమండీ, కప్పు మీదకి టార్పాలిన్లేమన్నా ఉంటే చూడండి" అని కోడూరు సంతోషమ్మగారు కిందటిసారి నాతో మొత్తుకున్నారు.

అందుకే ఈసారి వేసవిలోనే నడుం కట్టాను. వీధులన్నీ తిరిగి టార్పాలిన్లు పోగుచేశాను. టార్పాలిన్లు లేనివాళ్ళు పాత ప్యాంట్లు ఇచ్చారు. మా పడగ్గది నిండిపోయింది. నేనూ మా ఆవిడ మంగతాయారూ హాల్లో చాప మీదకు మారాం.

"ఎన్నాళ్ళండీ ఈ కాపురం?" అంది నడుం పట్టుకుని.

"తుఫాను వచ్చేదాకా."

"రాకపోతే?"

"అశుభం పలక్కు!" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

వాయుగుండాలన్నీ ఒడిశా దారి పట్టాయి. నేను టీవీ ముందు ఉసూరుమంటుంటే, "ఈసారీ తప్పిపోయిందా మావయ్యగారూ?" అని పక్కింటి కళ్యాణ్ పరామర్శించేవాడు.

"అవేవో ఇప్పుడే పంపేయొచ్చుగా," అంది మంగతాయారు.

"దేనికైనా సమయం రావాలి."

సమయమంటే, వ్యాను ముందు జెండా ఊపే సమయం. ఆ రోజు తొడుక్కునే చొక్కా కూడా ఇస్త్రీ చేయించి ఉంచాను.

చివరికి కార్తీకంలో వచ్చింది. బందరు దగ్గర తీరం దాటుతుందన్నారు. వ్యాను డ్రైవరు వాసుకి ఫోన్ చేస్తే దండం పెట్టేశాడు.

"ఈ గాల్లోనా బాబాయ్? రోడ్డంతా చెట్లు పడ్డాయంట!"

అంతలో మా హాలే కారడం మొదలైంది. సామాన్ల మీద కప్పుదామని టార్పాలిన్ కోసం పడగ్గదిలోకి పరుగెత్తాను. రోజూ గుమ్మంలోంచి చూసి మురిసిపోయిన గుట్టను లాగితే, పైనా కిందా పాత ప్యాంట్లే.

"టార్పాలిన్లేవే?"

"శ్రావణంలోనే కోడూరు పంపేశానండీ. బస్సు మీద వేయించాను."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే సమయం రాలేదనేవారుగా," అంది నీరసంగా, కారే చోట గిన్నె పెడుతూ.

మంగతాయారు ఫోన్ మోగింది. సంతోషమ్మగారు. స్పీకర్లో పెట్టింది.

"అందరం తుఫాను షెల్టర్లో క్షేమంగా ఉన్నాం తాయారుగారూ! గాలి రాకముందే కప్పులన్నీ కట్టేసుకున్నాం."

ఆ మాటతో గుండెల మీది బరువు దిగింది. కోపం తెచ్చుకోవాలని చూశాను గానీ, రాలేదు.

"మీరెలా ఉన్నారండీ? ఇల్లేమన్నా కారుతోందా?" అన్నారావిడ. "కట్టగా రెండు టార్పాలిన్లు మిగిలాయి. దారి తెరవగానే పంపమంటారా?"

మంగతాయారు ఫోన్ నా చేతికిచ్చింది.

"మీరే చెప్పండి."

గొంతు సవరించుకున్నాను.

"ఒకటి చాలండీ," అన్నాను.