ఎడమ కిడ్నీ క్వారీ

ఓర్సు తిరుపాలు ఎడమ కిడ్నీలో ఉన్న రాయిని పగలగొట్టడానికి గనుల శాఖ అనుమతి ఇంకా రాలేదు కాబట్టి డాక్టర్ హిమబిందు అతన్ని మిషను మీద నుంచి దించి, చేతికి దరఖాస్తు ఫారం ఇచ్చి పంపేసింది.

ఇందులో వింతేమీ లేదు. కొండలో పుట్టినా ఒంట్లో పుట్టినా రాయి రాయే. పది మిల్లీమీటర్లు దాటిందంటే అది ఖనిజం కింద లెక్క. తిరుపాలుది పన్నెండు. ఆస్పత్రి మిషను కత్తి పెట్టదు, కుట్టు వెయ్యదు. మనిషిని నీళ్ల తిత్తి మీద పడుకోబెట్టి, స్కానింగులో రాయి ఎక్కడుందో చూసుకుని, బయటి నుంచే ఒంట్లోకి తరంగాలు పంపి దాన్ని పిండి చేస్తుంది. తరంగమైతేనేం, తూటా అయితేనేం, పేల్చడం పేల్చడమేనని ఆ శాఖ ఏనాడో తేల్చేసింది. జిల్లాలో జనం కూడా అలవాటు పడ్డారు.

తిరుపాలుకి నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఊరి కొండ మీది నల్లరాతి క్వారీలో తూటాలు పెట్టే పని. అందుకు లైసెన్సు కూడా ఉంది. కుడి కిడ్నీ రెండేళ్ల కిందటే ముడుచుకుపోయింది. మిగిలిన ఒక్కదానికీ ఈ రాయి అడ్డం పడింది.

"నలభై రోజులు. అంతకు మించి ఆగదు తిరుపాలూ. ఇది కూడా పోతే నీకింక మూడోది లేదు" అంది డాక్టరు. నిజంగానే బాధపడుతూ అంది.

"నొప్పికి బిళ్లలియ్యండమ్మా. కాయితాల సంగతి నేను జూసుకుంటా" అన్నాడు తిరుపాలు. ఈ మాట అన్నవాళ్లెవరూ కాయితాల సంగతి చూసుకున్న దాఖలా లేదు. అయినా అందరూ అంటారు.

గనుల శాఖ ఆఫీసులో పానకాలరావు అనే అధికారి ఉన్నాడు. చాలా మంచివాడు. తిరుపాలు నడుం పట్టుకుని నిలబడటం చూసి తన కుర్చీ ఇచ్చి, తను బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు. ఫారంలో తొమ్మిదో గడి రాయి రకం. మామూలు రాయి అని రాస్తే తనే సంతకం పెట్టి పంపెయ్యొచ్చు. ఆ మాట రాయడానికి పెన్ను తెరిచే ఉంచాడు.

"మామూలు రాయేగా?" అన్నాడు, అవునను అన్నట్టుగా తలూపుతూ.

తిరుపాలు ఫిల్ము అందుకున్నాడు. తాత ముత్తాతల నుంచీ రాళ్లు కొట్టుకు బతికిన కులం. రాయిని చూసి ఉన్నమాట అనకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

"మామూలుదంటారేంది సారూ! అంచు జూడండి. చార లేదు, బీట లేదు. ఇరవై రెండేళ్లల్లో ఇంత శుద్ధమైన రాయి నా చేతి కింద పళ్లేదు."

పక్కనున్న పెళ్లాం అంకమ్మ మోచేత్తో పొడిచింది. అప్పటికే ఆలస్యమైంది. లైసెన్సున్న తూటాపనివాడు అధికారి ఎదుట రాయి గురించి చెప్పిన మాట సాక్ష్యం కిందికి వస్తుంది, వెనక్కి తీసుకోవడానికి లేదు. పానకాలరావు నిట్టూర్చి తొమ్మిదో గడిలో 'అలంకార శిల, మేలురకం' అని రాశాడు. మేలురకం రాయికి సర్వే జరగాలి, ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి, ఊళ్లో ప్రజాభిప్రాయం సేకరించాలి.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంటారు" అంది అంకమ్మ బస్సులో. "నీ నోరు ఆ రాయికి మంచి జేసింది. నీకేం జేసిందయ్యా?" తిరుపాలు ఫిల్మును మళ్లీ వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. నొప్పిలో కూడా అతనికి ఆ రాయి మీద కాస్త గర్వంగానే ఉంది.

మూడో రోజు సర్వేయరు వచ్చి తిరుపాలుని బోర్లా పడుకోబెట్టి, టేపుతో వీపు కొలిచి, నాలుగు మూలలా సున్నంతో హద్దు గుర్తులు పెట్టాడు. హద్దులు చెరిగితే కేసవుతుంది కాబట్టి ప్రజాభిప్రాయ సభ జరిగేదాకా స్నానం చెయ్యొద్దన్నాడు. అంకమ్మ రోజూ తడిగుడ్డతో హద్దుల చుట్టూ జాగ్రత్తగా తుడిచేది. రాత్రిళ్లు అతను మూలుగుతుంటే వీపు నిమరబోయి, సున్నం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆ ముప్పై రోజుల్లో ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

ముప్పై అయిదో రోజున బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. తిరుపాలుని బెంచీ మీద కూర్చోబెట్టి, పేల్చబోయే స్థలం జనానికి కనపడేలా చొక్కా ఎత్తి పట్టుకోమన్నారు. అందరూ అతని మంచి కోరేవాళ్లే. పొరుగింటి మంగమ్మవ్వ ముందుగా లేచి మైకు పట్టుకుంది.

"ఇరవయ్యేళ్ల బట్టి కొండ మీద పేల్చతానే ఉండారు. మా గోడలు బీటలిచ్చినయ్, మా బాయి ఎండిపోయింది. ఏనాడూ మమ్మల్ని పిలిసి అడిగినోడు లేడు. వాడి కడుపులో ఆవగింజంత రాయి పేల్చటానికి మమ్మల్నడుగుతున్నారా? పేల్చండి నాయనా! బిడ్డ సచ్చిపోతన్నాడు!"

జనం చప్పట్లు కొట్టారు. గుమాస్తా ఆ మాటల్ని 'గోడల బీటలు, బావుల విషయమై స్థానికులు ఆందోళన వ్యక్తం చేసినారు' అని మినిట్సులో రాసుకున్నాడు. ఆందోళన ఉన్నందువల్ల ఫైలు మరో కమిటీకి వెళ్లింది. ఆ కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది.

ఆ రాత్రికి తిరుపాలు కాళ్లు పొంగాయి. మర్నాడు అంకమ్మ ఒక్కతే పానకాలరావు దగ్గరికి వెళ్లి, ఏమీ అడక్కుండా ఆ బల్ల ముందు నిలబడి ఏడ్చింది. పానకాలరావు తలుపు దగ్గరికి వేశాడు.

"అమ్మా, మీ ఊరి కొండ పేల్చడానికి క్వారీ కంపెనీకి అనుమతి ఎన్నాళ్లకి వచ్చిందో తెలుసా? ఒక్క పూటకి. అన్నం తిని వచ్చేసరికి వచ్చింది. దరఖాస్తు మీ ఆయన పేరున ఉన్నంతకాలం ఇంతే. కంపెనీ పేరున పెట్టించుకోండి."

క్వారీ మేనేజరు పేచీ పెట్టలేదు. అసలు మేలురకం రాయి సంగతి అతని చెవిన ఎప్పుడో పడింది. కొండను ఆనుకుని ఉన్న ప్రాంతంగా చూపించి, తిరుపాలు ఎడమ కిడ్నీని కంపెనీ లీజులో కలిపారు. ఇరవై ఏళ్ల లీజు. తిరుపాలు వేలిముద్ర పొద్దున పడింది, అనుమతి సాయంత్రం వచ్చింది.

ముప్పై ఎనిమిదో రోజున డాక్టర్ హిమబిందు మిషను ఆన్ చేసింది. మొదటి 'టక్' వినపడగానే తిరుపాలు తిత్తి మీద నుంచి దూకి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని బీరువా చాటున కూర్చున్నాడు. కేక వెయ్యకుండా పేల్చడం అతను ఏనాడూ చూసి ఎరగడు. డాక్టరు అర్థం చేసుకుంది. అంకమ్మ వరండాలోకి వెళ్లి, ఎర్రగుడ్డ ఊపుతూ మూడుసార్లు "తూటా పేలతంది, తప్పుకోండహో!" అని కేకేసింది. వరండాలో రోగులంతా లేచి గోడ చాటుకు వెళ్లారు. అప్పుడు తిరుపాలు వచ్చి నిమ్మళంగా పడుకున్నాడు.

రెండువేల అయిదువందల దెబ్బలు పడ్డాయి. రాయి పిండైంది. రెండు రోజులపాటు అతను పోసిన మూత్రాన్ని గుడ్డతో వడకట్టి, దొరికిన నలుసులన్నీ పొట్లం కట్టి కంపెనీ మనిషికి అప్పగించారు. కాళ్ల వాపు తగ్గింది. కిడ్నీ బతికింది. అంకమ్మ అతని వీపు మీది సున్నం గుర్తులు వేణ్ణీళ్లతో కడిగేసి, కడిగినచోటే చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి. లేకపోతే రాయి మళ్లీ వస్తుంది" అని చెప్పి పంపింది డాక్టరు.

లీజు కాయితం ఇవ్వడానికి పానకాలరావు స్వయంగా ఇంటికి వచ్చాడు. పధ్నాలుగో షరతు చదువుతూ గొంతు తగ్గించాడు. లీజు ప్రాంతంలో ఖనిజం ఏర్పడటానికి ఆటంకం కలిగించే పని ఏదీ చెయ్యరాదు.

"నీళ్లు తాగొద్దనా సారూ?" అంది అంకమ్మ.

"నీళ్లని రాయలేదమ్మా."

"ఇందులో కొత్తేముందిలే సారూ" అన్నాడు తిరుపాలు. "పొద్దుగూకులూ ఆ ఎండలో ఏనాడు కడుపునిండా తాగాం? మొదటి రాయి పుట్టింది కూడా అట్టాగేగా."

సోమవారం అతను పనిలోకి వెళ్లాడు. అంకమ్మ మాత్రం షరతులు విననట్టే అన్నం క్యారేజీతో పాటు రెండు లీటర్ల నీళ్ల సీసా కట్టి ఇచ్చింది. క్వారీ గేటు దగ్గర వాచ్‌మన్ తిరుపాలు పేరు కొత్త లీజు జాబితాలో చూసి, క్యారేజీ లోపలికి వదిలి, సీసా గోడ వారన పెట్టమన్నాడు. అక్కడ అప్పటికే అరవై దాకా సీసాలు ఉన్నాయి. కొన్నిటి మీద చాలా రోజుల దుమ్ము ఉంది. తిరుపాలు తన సీసాను కూడా ఆ వరసలో పెట్టి, మూత బిగుతుగా ఉందో లేదో చూసుకుని లోపలికి వెళ్లాడు.