పన్నెండుంబావుకు ఎలీసమ్మ

మొగుడికీ పెళ్ళానికీ ఒకే రోజు సెలవివ్వడం సంసారానికి మహా ప్రమాదం! ఇద్దరిలో ఒకరికి అసలు సెలవే లేకపోతే ఇంకా క్షేమం. ఈ సంగతి లోకంలో చాలామందికి తెలియదు. కువైట్‌లో మాత్రం ఎప్పుడో కనిపెట్టి అమలు చేస్తున్నారు.

నమ్మకం కలగడం లేదా? అయితే రత్నరాజు సంగతి వినండి.

రత్నరాజుది కోనసీమ. మంగఫ్‌లో కంపెనీ వాళ్ళ క్యాంపులో ఉండి పైపులకు వెల్డింగ్ చేస్తాడు. శుక్రవారం సెలవు. అతని భార్య ఎలీసమ్మ రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆవిడకు ఏ రోజూ సెలవు కాదు. ఇద్దరి మధ్యా బస్సులో ముప్పావు గంట దూరం. ఊళ్ళో ఉన్నప్పుడు కూరలో ఉప్పు దగ్గర్నుంచి కొబ్బరిచెట్టు ఎటు వంగిందన్న దాకా వారానికి రెండుసార్లు పోట్లాడుకున్న జంట ఇది. కువైట్ వచ్చిన ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఒకరినొకరు చూసుకుంటే కదా!

క్యాంపులో ప్రార్థన నడిపే పాస్టరుగారు వీళ్ళను ఆదర్శ దంపతులుగా ఎత్తి చెబుతుంటారు. అప్పుడు రత్నరాజు తల దించుకుంటాడు. అది వినయమని పాస్టరుగారు అనుకుంటారు.

మరి కలుసుకోవడానికి ఏమిటి అడ్డం అంటారా? ఏజెంటు ముందుచూపు. మొగుడు కువైట్‌లోనే ఉన్నాడంటే, చెప్పకుండా ఎప్పుడు వెళ్ళిపోతుందోనని ఏ ఇంటివాళ్ళూ పెట్టుకోరట. అందుకని ఎలీసమ్మ చేత, మొగుడు ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడని చెప్పించాడు. ఆ ఇంటి యజమానురాలు, అంటే అక్కడి మాటలో మామా, చెడ్డదేం కాదు. పండక్కి బట్టలు పెడుతుంది, జ్వరమొస్తే మాత్రలిస్తుంది. కానీ ఊళ్ళో దుక్కి దున్నుతున్న మొగుడు మంగఫ్‌లో వెల్డింగ్ చేస్తున్నాడని తెలిసిందా, ఖలాస్, ఎలీసమ్మను మర్నాడే విమానం ఎక్కిస్తుంది.

కాబట్టి ఎలీసమ్మ మొగుడికి ఉత్తరం రాయదు. ఊళ్ళో ఉన్న తల్లి రత్నమణికి రాస్తుంది. ఇండియా ఉత్తరమైతేనే ఆ ఇంటి డ్రైవరు అనుమానపడకుండా పోస్టులో వేస్తాడు. రత్నమణికి చదువు రాదు. అరుగు మీద కూర్చుని సండే స్కూలు టీచరు చేత చదివించుకుంటుంది. వీధంతా వింటుంది, తలో అభిప్రాయం చెబుతుంది. ఆ తర్వాత రత్నమణి ఆ ఉత్తరాన్నీ, వీధి అభిప్రాయాలు రాయించిన ఇంకో కాగితాన్నీ కలిపి ఒక కవర్లో పెట్టి అల్లుడికి పంపుతుంది.

రుమైథియా నుంచి మంగఫ్‌కు ఐదు వారాలు. రత్నరాజు జవాబు కూడా అదే దారిన, అదే అరుగు మీదుగా పోవాలి. సముద్రం రెండుసార్లు దాటి వచ్చే మాటలో ఉన్న రుచి, ముప్పావు గంటలో దిగిపోయే మనిషిలో ఉంటుందా?

ఎనభై అయిదు ఫిబ్రవరి ఇరయ్యో తారీకున అలాంటి కవరొకటి వచ్చింది.

చలికాలంలో కువైటీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. గురువారం మధ్యాహ్నం వెళ్ళి శుక్రవారం సాయంత్రం దాకా ఉంటారు. వంటకూ పిల్లలకూ పనిమనిషి కూడా వెళ్ళాల్సిందే. ఎలీసమ్మ రాసిందేమంటే, వాళ్ళ గుడారం కువైట్ అఖాతానికి అవతల ముత్లా గుట్టల కొసన ఉంది. మార్చి ఒకటో తారీకు శుక్రవారం ఆఖరు, ఆ తర్వాత ఎండలు ముదురుతాయని పీకేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం మగవాళ్ళు కార్లలో నమాజుకు వెళతారు, మామా పడుకుంటుంది, తను ఆ ఇంటి చిన్నపిల్లను తీసుకుని లోయ అంచుకు వస్తుంది. గుర్తుకు గుడారం తాడు మీద పసుపుపచ్చ చీర ఆరేస్తుంది.

కింద వీధి అభిప్రాయాలు ఉన్నాయి. పసుపుపచ్చ దూరానికి బాగా కనపడుతుందని టీచరుగారు, అల్లుడు గెడ్డం గీయించుకుని వెళ్ళాలని రత్నమణి.

వస్తానని రాయడానికి వ్యవధి లేదు. రాస్తే మార్చి ఆఖరుకు అందుతుంది. అంటే ఎలీసమ్మ అతను వస్తాడో రాడో తెలియకుండానే వచ్చి నిలబడుతుంది. ఆ శుక్రవారం తప్పితే మళ్ళీ గుడారాలు వేసేది నవంబరులో. రత్నరాజుకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

ప్లాన్ వేసే బాధ్యత బంగారయ్య తీసుకున్నాడు. ఆయన కంపెనీలో టైమ్‌కీపర్, రత్నరాజు గదిలోనే పై మంచం. అసలు సంగతి క్యాంపులో పొక్కితే రుమైథియా దాకా పాకుతుందని, దీనికి నేషనల్ పార్క్ ట్రిప్ అని పేరు పెట్టాడు.

"అక్కడ లోయుందండి, కాన్యన్ అంటారు. గవర్నమెంటోళ్ళు దాన్ని నేషనల్ పార్కు చేత్తారని ఇంగ్లీషు పేపర్లో పడింది," అని అందరికీ చెప్పాడు. కోనసీమ వాళ్ళకు కాలవ గట్టే ఎత్తైన ప్రదేశం. లోయ చూడ్డానికి పోతున్నారంటే ఎవరూ అనుమానపడలేదు.

బండి బుల్లిరాజుది. అంటే అతనిది కాదు. అర్దియాలో గ్యారేజీ మెకానిక్కు కాబట్టి రిపేరుకొచ్చిన పికప్‌ను టెస్టింగ్ పేరుతో తెచ్చాడు. నూటయాభై కిలోమీటర్ల టెస్టింగ్!

బంగారయ్య టైమ్‌షీటు కాగితం మీదే ప్రోగ్రాం రాశాడు. ఆరుంబావుకు బయలుదేరుట. ఎనిమిదిన్నరకు చెక్‌పోస్టు, ఇఖామాలు (నివాస కార్డులు) చూపించుట. పదకొండుకు భోజనం. పదకొండున్నరకు కాన్యన్ చూచుట. పన్నెండుంబావు నుంచి పన్నెండు నలభై దాకా ఎలీసమ్మ. తర్వాత టీ.

ఇంత క్రమశిక్షణ గల దాంపత్యం మీ వీధిలో ఉందా?

ఆ ఉదయం చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఇఖామాలు చూసి ఎక్కడికని అడిగాడు. బంగారయ్య నేషనల్ పార్కుకు అన్నాడు. ఇక్కడ పార్కేమీ లేదు, రాళ్ళున్నాయన్నాడు పోలీసు. రాబోతోందని బంగారయ్య ఆయనకు వివరించబోయాడు. "యల్లా, యల్లా," పదండి పదండి అని పోలీసు పంపించేశాడు.

గుట్టల మీదికి చేరి చూస్తే కనుచూపు మేర గుడారాలే. అన్నీ తెల్లగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరి తాడు మీదా పసుపుపచ్చ చీర లేదు. రత్నరాజు దిగి వెతుకుతానన్నాడు. బంగారయ్య వాచీ చూసి ఒప్పుకోలేదు.

"పదకొండయ్యింది. ముందు భోజనం కానియ్యి. ఖాళీ కడుపుతో పెళ్ళాన్ని చూత్తే కళ్ళు తిరుగుతాయి."

తెల్లవారకుండా లేచి చేసిన పులిహోర. కాదంటే పెద్దాయన నొచ్చుకుంటాడు. రత్నరాజు మూడు ముద్దలు తిన్నాడు, బంగారయ్య ఇంకో మూడు పెట్టాడు. వారం నుంచి సయించని కడుపు ఆ రోజే నిండింది.

తర్వాత పికప్‌లో గుట్ట అంచు పొడుగునా తిరిగారు. పన్నెండుంబావు అయింది, దాటింది. చీర లేదు. మగవాళ్ళ కార్లు నమాజుకు వెళ్ళిపోయాయి. రత్నరాజు బండి దిగి లోయ అంచున నిలబడ్డాడు. ఏడవడానికి తయారుగా ఉన్నాడని బుల్లిరాజు అటు తిరిగి టైరు చూడసాగాడు.

అప్పుడు లోయలోంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"కాళ్ళు నొప్పెడతన్నాయి, నన్నెత్తుకోయే ఎలీసమ్మా."

అచ్చమైన కోనసీమ తెలుగు! రత్నరాజు కిందికి పరుగెత్తాడు. అరబ్బుల పిల్ల, నాలుగేళ్ళది, రాయి మీద చతికిలబడి ఉంది. మూడేళ్ళ నుంచి ఆ పిల్లకు అన్నం పెట్టి నిద్రపుచ్చేది ఎలీసమ్మే. ఇంకే యాస వస్తుంది? పక్కనే ఎలీసమ్మ. ఒంటి మీద పనిమనిషి గౌను వదులుగా వేలాడుతోంది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె.

ఎలీసమ్మ గిన్నె మూత తీసింది.

"చందువా పులుసు. పొద్దున్నే మామా లేవకముందే చేశాను. కూకో, తిను."

"తిన్నానే ఎలీసా. ఇప్పుడే."

"తినేసొచ్చావా?"

"బంగారయ్యగారు పెట్టారు. వద్దంటే బాగోదని."

"మూడేళ్ళయ్యింది నీకు కంచం పెట్టి. ఆయనకి తెలీదు సరే, నీకు తెలీదా? చింతపండు ఆర్నెల్ల నుంచి దాచాను."

"తాడు మీద చీర ఆరెయ్యలేదేం మరి? దాని కోసం తిరిగి తిరిగి చచ్చాం."

"మామా తీయించేసింది. చుట్టాలొత్తారు, గుడారానికి చీరలేంటని."

"ఆ ముక్క చెప్పొచ్చుగా."

"ఎవరితో చెప్పను? మాయమ్మకి ఉత్తరం రాయనా?"

పిల్ల రత్నరాజును ఎగాదిగా చూసింది. "ఎవరే ఈయన?"

"దారి తప్పినోడమ్మా," అంది ఎలీసమ్మ.

"నేను దారి తప్పినోణ్ణా?"

"మొగుడని చెప్పనా? సాయంత్రానికి మామా చెవిలో ఉంటది. రేపు నన్ను విమానంలో చూద్దూగాని."

"అలాగని అంత మాటంటావా?"

"అంటాను. నేనొండింది తినని మనిషిని ఇంకా అంటాను."

ఇద్దరి గొంతులూ లేచాయి. మూడేళ్ళ బాకీ పోట్లాటలన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. కొబ్బరిచెట్టు కూడా వచ్చింది. రత్నరాజుకు చెప్పరానంత హాయిగా ఉంది. మధ్యలో ఎందుకో ఆగి, ఆవిడ వంక చూసి, గొంతు తగ్గించి, "నువ్వూ మీ అమ్మలాగే..." అన్నాడు.

పైనుంచి బుల్లిరాజు హారన్ కొట్టాడు. నమాజు కార్లు దుమ్ము రేపుకుంటూ వచ్చేస్తున్నాయి. ఎలీసమ్మ గిన్నె అతని చేతిలో కుక్కి, పిల్లను చంకనేసుకుని గబగబా అవతలి గట్టెక్కింది. సగం ఎక్కాక వెనక్కి తిరిగి, "మా అమ్మలాగ ఏంటి?" అంది. జవాబు వినే లోపు గుడారాల్లో కలిసిపోయింది.

మొత్తం పదకొండు నిమిషాలు. ఎలీసమ్మకు కేటాయించిన టైములో పద్నాలుగు నిమిషాలు మిగిలాయని బంగారయ్య కాగితం మీద రాసుకున్నాడు. రత్నరాజు బండెక్కి, పులిహోరతో నిండిన కడుపులోకే చందువా పులుసంతా ముల్లు కూడా వదలకుండా తిన్నాడు. ఎవరినీ రుచి చూడమనలేదు. కాన్యన్ ఎలా ఉందని క్యాంపులో అడిగితే బంగారయ్యే జవాబు చెప్పాడు. ఎండిపోయిన పంటకాలవలా ఉంది, గట్లు మాత్రం తెగ ఎత్తు.

ఏప్రిల్లో కవరు వచ్చింది.

అందులో ఎలీసమ్మ తల్లికి రాసింది: "మీ అల్లుడు కనపడ్డాడు. బాగానే ఉన్నాడు. నువ్వూ మీ అమ్మలాగే అన్నాడు. మీ అమ్మలాగ ఏంటో పూర్తిగా రాయమను."

కింద రత్నమణి రాయించింది: "అల్లుడుగారండీ, నాలాగ ఏంటో నాకూ తెలియాలండి. నేను మీకేం తక్కువ చేశానండి? వీధిలో అందరూ అడుగుతున్నారండి. ఆయ్."

వీధి రెండు పార్టీలయిందని టీచరుగారు ఒక పక్కన రాశారు. అత్తగారి నోటి దురుసు గురించేనని ఒక పార్టీ, పిసినారితనం గురించని రెండో పార్టీ.

చూశారా? పదకొండు నిమిషాలు కలిసినందుకు ఎంత గొడవో! మూడేళ్ళు చల్లగా నడిచిన కాపురం! ఇప్పటికైనా ఈ వ్యాసకర్త మాట ఒప్పుకుంటారా?

రత్నరాజు జవాబు రాయలేదు. రాయబోయి రెండు కవర్లు పాడుచేశాడు. "నువ్వూ మీ అమ్మలాగే చిక్కిపోయావే" అన్నది ఆ రోజు అతను అనబోయిన మాట. అది రాస్తే ముందు అరుగు మీద చదువుతారు. కూతురు కువైట్‌లో దొరసానిలా ఉందని వీధంతా చెప్పుకుంటున్న తల్లి, కూతురు చిక్కిపోయిందన్న మాట వీధిలో కూర్చుని వింటుంది. అందుకని అతను దాన్ని తిట్టుగానే ఉండనిచ్చాడు. అక్కడ ఎలీసమ్మ కూడా అది తిట్టనే అనుకుంటోంది.

మొగుడికీ పెళ్ళానికీ ఒకే రోజు సెలవు ప్రమాదమన్న మాటకు ఈ వ్యాసకర్త ఇప్పటికీ కట్టుబడే ఉన్నాడు. ఎలీసమ్మకు ఎవరైనా ఒక్క శుక్రవారం ఇప్పిస్తే ఏమవుతుందో చెప్పనా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ పోట్లాడుకుంటారు. మధ్యలో ఎక్కడో అతను ఆ వాక్యం పూర్తిచేస్తాడు.

గిన్నె కడిగి మంచం కింద పెట్టుకున్నాడు. మళ్ళీ గుడారాలు వేసేది నవంబరులో.