ముఖ్య అతిథి గారి మొదటి బంతి

మా మహిళా డిగ్రీ కళాశాల ఆధ్వర్యంలో ఈ ఏటి సాఫ్ట్‌బాల్ సీజన్ దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆట మాత్రం జరగలేదు. అదొక్కటి తప్పితే ఏ లోటూ రాలేదు.

మైపాడు రోడ్డులో మా మైదానం చూసినవారికి అది ఒకప్పుడు రొయ్యల గుంట అని వేరే చెప్పనక్కర్లేదు. తెగులు తగిలి వరసగా రొయ్యలు చచ్చిపోతుంటే, మేత వ్యాపారి నరేంద్రబాబు గారు ఆ గుంటను పెద్ద మనసుతో క్రీడలకు అంకితం చేశారు. రొయ్య బతకని చోట ఆడపిల్లలు ఆడుకోవచ్చునని ఆయనకు తోచడం మా అదృష్టం. చుట్టూ గట్టు ఉంది కనుక గ్యాలరీ కట్టే శ్రమ కూడా తప్పింది. అటువంటి దాత చేతుల మీదుగా కాక సీజన్ ఇంకెవరి చేతుల మీదుగా ప్రారంభమవుతుంది?

పద్ధతి మీకు తెలిసిందే. ముఖ్య అతిథి బ్యాట్ పట్టుకుంటారు. ఒక బంతి వేస్తారు. ఆయన కొడతారు. ఫోటో తీస్తారు. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చుంటే ఆట మొదలవుతుంది. విడవలూరు జట్టు, తడ జట్టు అప్పటికే యూనిఫారాలు వేసుకొని సిద్ధంగా ఉన్నాయి.

బంతి వేసే పని మా పిచర్ షబానాది. పరుపులు కుట్టే బాజీ కూతురు, బి.ఎ. ఆఖరి సంవత్సరం. చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి నడుము కిందినుంచి విసిరిందంటే బంతి కనబడదు, క్యాచర్ ఏంజెలిన్ గ్లవ్‌లో చప్పుడు మాత్రం వినబడుతుంది. ఈ సీజన్‌లో యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణలో ఆమెకు క్రీడల కోటా సీటు వస్తుంది. ఎంపిక కాకపోతే, వచ్చే ఏడు ఆమెకు కాలేజీ ఉండదు, బంతీ ఉండదు.

అంపైరు జడ్సన్ గారు. షబానాకు ఆట నేర్పిన మా వ్యాయామ అధ్యాపకులు కూడా ఆయనే. ఒప్పంద పద్ధతిలో పనిచేస్తున్నారు. ఈ ఆటకు నిబంధనలు ఉన్నాయన్న సంగతి ఆ చుట్టుపక్కల తెలిసినవారు ఆయనొక్కరే.

"మెల్లిగా వెయ్ మా," అన్నారు జడ్సన్ గారు. షబానా మెల్లిగానే వేసింది. నరేంద్రబాబు గారు బ్యాట్ ఊపారు. తగల్లేదు. ఫోటోగ్రాఫరు, "సార్, ఇంకొకటి" అన్నాడు. అదీ తగల్లేదు. మూడోదీ తగలకపోయేసరికి, మూడు తప్పితే అవుటన్నది నిబంధన కనుక, జడ్సన్ గారు అలవాటుకొద్దీ చేయెత్తి "అవుట్!" అని అరిచారు.

సన్నాయి ఆగిపోయింది. ప్రిన్సిపాల్ కరుణాకుమారి గారు మైకు అందుకొని పరిస్థితిని చక్కదిద్దారు.

"ముఖ్య అతిథులు అవుట్ కారు. వారు విరామం తీసుకుంటారు. బంతి తగలలేదు కనుక ప్రారంభోత్సవం ఇంకా పూర్తి కాలేదు. ప్రారంభం కాని సీజన్‌లో ఆట ఆడటం దాతను అవమానించడమే. కావున ప్రారంభోత్సవాన్ని వచ్చే శనివారానికి వాయిదా వేస్తున్నాము."

చప్పట్లు మోగాయి.

ఆ తరువాతి శనివారం నరేంద్రబాబు గారు కొత్త బూట్లతో, హెల్మెట్‌తో వచ్చారు. బంతిని నేలమీద దొర్లించమని జడ్సన్ గారు షబానా చెవిలో చెప్పడం ఆయన విననే విన్నారు.

"ఏందయ్యా జడ్సన్, నేనేమన్నా చంటిపిల్లోణ్ణా? రొయ్యల్లో ఎంత పోగొట్టుకున్నా బెదరనోణ్ణి, బంతికి బెదురుతానా? ఆ పాప ఎట్లా వేస్తాదో అట్నే వెయ్యనీ!"

షబానా అట్లాగే వేసింది. గ్లవ్‌లో చప్పుడైన తరువాత ఆయన తీరిగ్గా బ్యాట్ ఊపారు. గట్టుమీది ఆడపిల్లలు ఈలలు వేశారు. ఆ సాయంత్రమే క్రమశిక్షణ సంఘం సమావేశమై, వేదిక మీదినుంచి చెప్పినప్పుడు తప్ప ఎవరూ ఆనందించరాదని తీర్మానించింది.

అప్పటినుంచి శనివారమంటే ప్రారంభోత్సవమే. ప్రసంగాలు పెరిగాయి. శాలువలు పెరిగాయి. స్వాగత నృత్యానికి రెండో భాగం చేరింది. గట్టు మీద బజ్జీల బండి వెలిసింది. విడవలూరు పిల్లలు యూనిఫారాల్లోనే కూర్చొని పరీక్షలకు చదువుకున్నారు. తడ జట్టు పిచర్ చెంచులక్ష్మి తన గ్లవ్‌లో వేరుశనక్కాయలు పోసుకొని తినేది. నరేంద్రబాబు గారు మేత గోదాములో రోజూ సాధన చేస్తున్నారని తెలిసి అందరం గర్వించాం. అక్కడ కూలీలు వేసిన బంతులన్నీ ఆయన బ్యాట్‌కు తగిలేవట. కూలీలు తెలివైనవారు.

"సార్, యూనివర్సిటీ సారు ఎప్పుడొస్తాడు?" అని షబానా ప్రతి వారమూ అడిగేది.

"వస్తాడులే మా. ముందు ఈయన్ని కొట్టనీ."

"ఈయన కొట్టేలోపల మా మనవరాళ్లు ఆడతారు సార్," అంది ఏంజెలిన్. తరువాత షబానాను పక్కకు లాగి, "నువ్వే ఆయన బ్యాట్‌కి గురి చూసి కొట్టేయ్‌మే. పీడా వదిలిపోతాది" అని సలహా ఇచ్చింది.

షబానా గురి తప్పే పిల్ల కాదు. నేరుగా బ్యాట్‌కే వేసింది. నరేంద్రబాబు గారు బ్యాట్‌ను తీసేశారు.

సీజన్‌కు ఆఖరి శనివారం యూనివర్సిటీ నుంచి ఎంపిక అధికారి పరంజ్యోతి గారు వచ్చారు. షబానా వేసింది, ఆయన చూశారు. "ఈ అమ్మాయి పేరేంది?" అని అడిగారు కూడా. అయితే ప్రారంభం కాని సీజన్ నుంచి ఎవరినీ ఎంపిక చేయడానికి వీలులేదని, పొద్దుగుంకేలోపు ఏదో ఒకటి తేల్చమని చెప్పారు.

కరుణాకుమారి గారు నిబంధనల పుస్తకం మొట్టమొదటిసారి తెప్పించి చదివారు. పిచర్ నాలుగు తప్పు బంతులు వేస్తే, బ్యాట్ పట్టినవారు ఏమీ కొట్టకుండానే, మామూలుగా పరుగెత్తి చేరాల్సిన మొదటి బేస్‌కు దర్జాగా నడిచిపోవచ్చునట. ఇంత మర్యాదగల ఆట ఇంకొకటి లేదని ఆమె ముఖం వెలిగిపోయింది.

"జడ్సన్ గారూ, ఈ అమ్మాయి సీజనంతా వేసినవి తప్పు బంతులేనని ప్రకటించండి."

"మేడమ్, బ్యాట్ ఊపితే అది తప్పు బంతి కింద రాదు. సార్ ఒక్కటి తప్ప అన్ని బంతులకీ ఊపినారు."

"అది కొట్టడానికి కాదు. ప్రజలకు అభివాదం చేశారు."

జడ్సన్ గారి ఒప్పందం వచ్చే నెలలో పునరుద్ధరణకు వస్తుంది. ఆయన చేయెత్తి, "అన్నీ తప్పు బంతులే" అన్నారు.

షబానా దగ్గరికొచ్చి నిలబడింది. "సార్, మీరు నేర్పించిన బంతే గదా?"

"నేను నేర్పించిందే తప్పేమోలే మా," అన్నారాయన, తలెత్తకుండా.

ఆమె వెనక్కి వెళ్లి, ఎదుట బ్యాట్ పట్టినవారు ఎవరూ లేకపోయినా, ఇంకొక బంతి విసిరింది. ఏంజెలిన్ గ్లవ్‌లో అది పడిన చప్పుడు గట్టు దాకా వినిపించింది. అదికూడా తప్పేనని కరుణాకుమారి గారు మైకులో వెంటనే ప్రకటించారు.

నరేంద్రబాబు గారు ఒక్క క్షణం బ్యాట్ వైపు చూసి, పూలవానలో మొదటి బేస్‌కు నడిచారు. ప్రారంభోత్సవం పూర్తయింది. పొద్దు కూడా గుంకింది కనుక అదే వేదిక మీద ముగింపు ఉత్సవం జరిపాం. సీజనంతా ఒక్క సరైన బంతి వేయని పిచర్‌ను తీసుకోవడానికి వీలుపడదని విచారిస్తూ, పరంజ్యోతి గారు ఒక్క తప్పు బంతి కూడా వేయని పిచర్‌ను యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేశారు. తన పేరు పిలిచినప్పుడు చెంచులక్ష్మి, "నేనసలు వెయ్యనేలేదు గదా సార్!" అంది. ఆమె వినయాన్ని పెద్దలందరూ కొనియాడారు.

ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని మైకులో అడిగాం. గట్టు నిండా జనం ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. వాటన్నిటిలోకీ గట్టుమీద కూర్చొని మీరు తీసిన వీడియోయే స్పష్టంగా వచ్చిందని విన్నాము. అందులో బంతి ఎక్కడినుంచి పోయిందో, బ్యాట్ ఎప్పుడు ఊగిందో చక్కగా కనబడుతున్నదట. మీరు ఇప్పటిదాకా దాన్ని ఎవరికీ చూపించనందుకు కళాశాల తరఫున కృతజ్ఞతలు. ముఖ్య అతిథి గారు నడిచి వెళ్లే భాగం ఒక్కటే విడిగా కత్తిరించి మాకు పంపగలరు.